పీలికల డిస్కు

అత్తగారు పోయాక ఆ ఇంట్లో కుట్టుమిషను చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆ మిషను చప్పుడే వినపడేది కాదు.

అల్లుడు దర్జీ. ఆయనకు కత్తెర అని పేరు పెట్టింది ఆవిడే. వీధి వీధంతా ఆ పేరే ఖాయం చేసింది. ఆఖరికి కొట్టు బోర్డు మీద ఉన్న పేరు ఎవరిదని కొత్తవాళ్ళు ఆయన్నే అడిగేవారు.

కాజాలు, గుండీలు కుట్టేది భార్య. తల్లి పోయిన దగ్గర్నుంచి ఆవిడ మొగుడితో పోట్లాడటం కూడా మానేసింది. ఏమన్నా "ఊ" అంటుంది. పోట్లాడని పెళ్ళాంతో కాపురం ఎలా చేయాలో కత్తెరకు ఎవరూ నేర్పలేదు.

ఒకరోజు గుండీ కుడుతూ కుడుతూ ఆవిడే నోరు విప్పింది.

"అమ్మ గొంతు మర్చిపోతానేమోనని భయంగా ఉందండీ. తమ్ముడు తీసిన వీడియోలన్నీ కంప్యూటర్లో ఉన్నాయిగా. ఓ డిస్కు చేయిస్తే, ఆదివారం అక్కావాళ్ళు వచ్చినప్పుడు టీవీలో పెట్టుకుని చూస్తాం."

"చేయించడమెందుకు? నేనే చేస్తా."

"మీరా?"

అన్న మాట నిలబెట్టుకోడానికి ఆయన బజారుకెళ్ళి ఒక సాఫ్ట్‌వేర్ పెట్టె కొనుక్కొచ్చాడు. "ఏమీ రానివాళ్ళు కూడా ఇంట్లోనే వీడియో డిస్కు చేసుకోవచ్చు" అని దానిమీద పెద్ద అక్షరాలతో ఉంది.

ఆవిడ చదివి, "మిమ్మల్ని చూసే రాసినట్టున్నారు" అంది. చాలా రోజుల తర్వాత తగిలిన చురక. కత్తెరకు ప్రాణం లేచొచ్చింది.

మధ్యాహ్నం కొట్టు మూసి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెర మీద ఒక మూల కత్తెర బొమ్మ కనిపించింది. ఇంకేం, ఇది మన పనే అనుకున్నాడు.

తీరా వీడియోలు తెరిస్తే ఎక్కడ చూసినా తనకే అక్షింతలు. పుట్టినరోజైనా, ఇంటికి సున్నాలేసిన రోజైనా, కెమెరా తిరిగేసరికి అత్తగారి నోట "ఆ కత్తెర..." అని మొదలు. అవన్నీ ఆదివారం తోడల్లుడు చూస్తాడు. ఆయన సిమెంటు వ్యాపారి. సోఫా మధ్యలో కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వే మనిషి. తలుచుకుంటేనే కత్తెరకు ఒళ్ళు మండింది.

అంతే, కోత మొదలెట్టాడు. "ఆ కత్తెర..." అని వినపడటం ఆలస్యం, అక్కణ్ణుంచి ముక్క తీసేయడమే. చివరిదాకా వినడం దేనికి? ఎలా ముగుస్తుందో పెళ్ళయిన నాటినుంచీ వింటున్నదే కదా!

కోసిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ మర్యాదగా అడిగింది: "ఈ ముక్కను పారేయాలా, దాచాలా?" దర్జీ చెయ్యి పీలికను పారేస్తుందా? ఆలోచించకుండానే "దాచు" నొక్కుతూ పోయాడు.

చివరికి మిగిలిన అత్తగారు టీ తాగింది, తుమ్మింది, కిటికీ పక్క కుర్చీలో కునికింది. ఆ సాధుమూర్తి ఎవరో ఆయనకే తెలియలేదు. వెనక వేణువు పెట్టి, మొదటి పేజీ నిండా సీతాకోకచిలుకలు అతికించి డిస్కు తీశాడు.

శనివారం సాయంత్రం భార్యకు చూపించాడు. ఆవిడ ఆసాంతం కదలకుండా చూసింది.

"అమ్మ మాట్లాడదేం?"

"కెమెరాలో మైకు పనిచేసినట్టు లేదే."

"తుమ్ము వినపడిందిగా!"

"తుమ్ము గట్టిది."

ఆవిడ మళ్ళీ "ఊ" అంది. ఆ ఊ విన్నాక కత్తెరకు అన్నం సహించలేదు. నిజం చెప్పేద్దామా అనుకున్నాడు. తోడల్లుడి పొట్ట గుర్తొచ్చి ఊరుకున్నాడు.

ఆదివారం పొద్దున కుట్టిన బట్టలు ఇచ్చి వచ్చేసరికి చుట్టాలు దిగారు. వదినగారు, బావమరిది చెరో కుర్చీలో ఉన్నారు. తోడల్లుడు సోఫా మధ్యలో ఉన్నాడు. రిమోటు భార్య చేతిలో ఉంది.

తెర వెలిగింది. సీతాకోకచిలుకలు లేవు. కిటికీ పక్క కుర్చీ, పైన "అమ్మ" అన్న మాట, కింద మూడు బొత్తాలు: దిండు గలీబు, సోఫా, దుప్పటి.

రిమోటు లాక్కుందామని కత్తెర ఒకడుగు వేశాడు. భార్య మొదటిది నొక్కింది.

"ఆ కత్తెర కుట్టిన గలీబు చూశావుటే! ఇందులో దిండు పట్టదు. ఆయన తెలివైతే పడుతుంది, పైగా చోటు మిగులుతుంది!"

తోడల్లుడు పొట్ట పట్టుకున్నాడు. ఆవిడ రెండోది నొక్కింది.

"ఆ కత్తెర ఇంటికొస్తే వచ్చినట్టే తెలీదు. పెద్దల్లుడో! ఆయన కూర్చుని లేస్తే సోఫాకి వైద్యం చేయించాలి. ఈ కత్తెరే నయం."

నవ్వు ఆగింది. తోడల్లుడు మెల్లిగా సోఫా అంచుకు జరిగాడు. అది చూసి భార్య ఫక్కున నవ్వింది. తల్లి పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని మూడోది నొక్కింది.

అత్తగారు మంచంలో ఉంది. గొంతు పీలగా ఉంది.

"ఆ కత్తెరని పిలవండ్రా. దుప్పటి అంచు ఊడింది."

"బజార్లో నీటుగా కుట్టించుకొస్తాలే అమ్మా," కెమెరా వెనకనుంచి బావమరిది గొంతు.

"వద్దు. నీటుగా కుడితే నాకు గుచ్చుకుంటుంది. ఆయన వంకర కుట్టే నాకు అలవాటు."

ఆ దుప్పటి ఆయన ఆ సాయంత్రమే కుట్టిచ్చాడు. ఆవిడ చూసి "వంకరగానే ఉంది" అని మెడదాకా లాక్కుంది. తిట్టిందనుకుని అప్పుడు మొహం ముడుచుకుని వచ్చేశాడు.

చుట్టాలు వెళ్ళిపోయాక గదిలో ఇద్దరూ, కిటికీ పక్క ఆ ఖాళీ కుర్చీ మిగిలారు.

"ఆ దుప్పటి మాట కూడా కోసేశారు," అంది భార్య.

"చివరిదాకా వినలేదే. అయినా ఈ ముక్కలు నీకెలా దొరికాయి?"

"మీరు పీలిక పారేయగా నేనెప్పుడైనా చూశానా? ఎక్కడో దాచే ఉంటారని రాత్రే వెతికాను."

"మరి డిస్కు చేయడం?"

"ఏమీ రానివాళ్ళు కూడా చేయొచ్చని పెట్టె మీద ఉందిగా. నాకూ ఏమీ రాదు."

కత్తెర కుర్చీకేసి చూశాడు. ఇక తనను తిట్టే మనిషి ఇంట్లో లేదన్న సంగతి ఆయనకు అప్పుడు తెలిసొచ్చింది.

"ఏమే, ఇంకోసారి పెట్టవూ?"

"దుప్పటిదా?"

"కాదు. దిండు గలీబుది. కాస్త గట్టిగా పెట్టు."