ప్రెసిడెంటు గారి బురదకు తగిన మొక్క

నీరు దిగని తోట దొరకాలంటే పెట్టి పుట్టాలి. పొడి నేల ఉన్న దౌర్భాగ్యుల్ని చూడండి! పొద్దున లేస్తే పైపు పట్టుకు తిరగాలి, సాయంత్రమైతే మబ్బుల కోసం మెడ ఎత్తి చూడాలి. మా జువావీ పల్లపు సీమలో ఆ బాధ లేదు. ఇక్కడి నేల సముద్రం కన్నా దిగువన ఉంటుంది కాబట్టి, నీళ్లే మమ్మల్ని వెతుక్కుంటూ వస్తాయి.

బురద వల్ల ఎన్ని లాభాలు! బురదలోంచి బూటూ, బూటులోంచి కాలూ లాక్కునేవాడికి జిమ్ము దేనికి? క్యారట్లు నేలలోనే నానుతాయి. ఒకసారి తోటకొచ్చిన బంధువులు మళ్లీ వస్తామని అనరు. ఇంతకన్నా ఏం కావాలి?

ఈ సత్యాన్ని మొదట కనిపెట్టినవారు మా తోటల సంఘం ప్రెసిడెంటు లాంగిన్ గారు. మా ప్లాట్ల పక్కన నీరు పోయే కాలవ ఉంది. ఏటా ఆకులు రాలే కాలంలో ఎవరి ముందున్న కాలవలో వాళ్లు పూడిక తీయడం తాతల నాటి ఆచారం. పూడిక తియ్యడం కన్నా పూడ్చడమే తేలికని లాంగిన్ గారికి తోచింది. మట్టి పోయించి, పైన సిమెంటు పలకలు పరిపించి, కారు పెట్టుకున్నారు. నీళ్లు మర్యాదగా వెనక్కి తిరిగి పక్కనున్న తెక్లా గారి తోటలో కాపురం పెట్టాయి.

తెక్లా గారు రిటైరైన టైలరు. ఆవిడ తోటలో ఆవిడ చేత్తో నాటిన పుల్లటి చెర్రీ చెట్టు ఒకటే ఉంది. ఆ పళ్లు వోడ్కాలో ఊరబెట్టి, తన పేరున్న సెయింటు రోజు, అంటే పేరు పండగనాడు, తోటల వాళ్లందరికీ చిన్న గ్లాసుల్లో పోస్తారు. ఆవిడ ఏడాదికోసారి పెద్దింటి మనిషిలా కూర్చునేది ఆ రోజే. నీళ్లు నిలిచిన మొదటి వేసవిలోనే చెట్టు ఆకులు పసుపెక్కాయి.

కాలవ తెరవమని ఆవిడ బతిమాలితే లాంగిన్ గారు చిరునవ్వు నవ్వారు.

"నేలని తిట్టుకుంటే ఏం లాభం తెక్లా గారూ? నేలకి తగ్గ మొక్క ఎంచుకోవాలి గానీ."

ఏమి జ్ఞానం! ఐరిస్ పూలమొక్కలు వెయ్యమన్నారు, పుదీనా వెయ్యమన్నారు. ఆవిడ వేశారు, అవి ఏపుగా పెరిగాయి. చెర్రీకి మాత్రం ఈ కొత్త జ్ఞానం తలకెక్కలేదు. ఒక పక్క కొమ్మలన్నీ ఎండిపోయాయి. ఆ కొమ్మల్ని ఆవిడే కోసేశారు.

ఈస్టరుకు ముందు ఆదివారం మేమంతా నీటి గట్టున పెరిగే విల్లో చెట్టు కొమ్మలు మొగ్గలతో సహా చర్చికి పట్టుకెళ్లి దీవెన చేయించుకుంటాం. దీవించిన కొమ్మని చెత్తలో పారెయ్యకూడదు, కాల్చాలి, లేదా నేలలో గుచ్చాలి. గుచ్చాక పీకితే పాపం. తెక్లా గారు భక్తిగా గుచ్చారు. ఎక్కడ? సరిగ్గా ప్రెసిడెంటు గారి పలకల అంచున. మరుసటి ఏడూ అక్కడే గుచ్చారు. ఆ బురదలో గొడుగు కర్ర గుచ్చినా చిగురు వేస్తుంది, విల్లోకి చెప్పాలా? కొన్నేళ్లకు వేళ్లు పలకల్ని పైకెత్తాయి. కారు ఒక పక్కకి ఒరిగింది.

సంఘం రూల్సులో అడవి చెట్లు నిషేధం, వెంటనే పీకెయ్యమని లాంగిన్ గారు వచ్చి గర్జించారు.

"ఫాదర్ గారు నీళ్లు చల్లిన కొమ్మలండీ. నేను ముట్టను," అన్నారు తెక్లా గారు. "మీరు పీకుతానంటే అడ్డు రాను. అయినా తడి నేలకి తగ్గ మొక్కే కదా, మీరు చెప్పిందేగా."

లాంగిన్ గారు చర్చి ఊరేగింపులో ఫాదర్ గారికి గొడుగు పట్టే మనిషి. విల్లో కేసి చెయ్యి చాచారు, వెనక్కి తీసుకున్నారు. పీకడానికి లేదు కాబట్టి దాని జోరు తగ్గించాలి, జోరు తగ్గాలంటే నీరు పోవాలి. పోయిన ఏడు ఆకులు రాలే కాలంలో, పలకలు తీసి పారేసి, తన పారతో తానే కాలవ తవ్వుకున్నారు. మేమంతా గట్టున నిలబడి నైతిక మద్దతు ఇచ్చాం.

కాబట్టి పాఠకులారా, బురదని తిట్టకండి. మొక్కని నేల చూసి ఎంచుకోండి, కాలవ పూడ్చినవాడి గుమ్మం చూసి నాటండి!

ఈ ఏడు చెర్రీ సగం చెట్టే కాసింది. పేరు పండగనాడు సీసా అందరికీ చాలదని తెక్లా గారు మొహమాటపడ్డారు. అయినా మా అందరి గ్లాసుల్లోనూ తలా ఒక గుక్క పోశారు. లాంగిన్ గారి ముందు మాత్రం పెద్ద కప్పు నిండా పుదీనా టీ పెట్టారు.

"మీరు చెప్పి వేయించిన మొక్కేనండీ," అన్నారు. "ఎంతైనా ఉంది, తాగండి."