వంద గజాల రక్షణ

ఓర్విన్ కౌంటీ కోర్టులో, భర్తల చేతుల్లో దెబ్బలు తిన్న ఆడవాళ్ల కోసం ఒక రక్షణ గది ప్రారంభమైంది. అంతకు ముందు కొట్టినవాడూ దెబ్బలు తిన్నదీ వసారాలో ఒకే బల్ల మీద కూర్చుని పిలుపు కోసం ఎదురుచూసేవారు. ఆ పద్ధతిలో మంచి లేకపోలేదు. పిలుపు వచ్చేలోపే సగంమంది ఆడవాళ్లు ఫిర్యాదు మానుకుని ఇంటికి పోయేవారు. జడ్జిగారికి విశ్రాంతి, కౌంటీకి మంచి పేరు.

ఆ గదిలో మొట్టమొదట కూర్చునే అదృష్టం మార్లిస్ ఓస్ట్‌బీకి పట్టింది. ఆమె భర్త డ్వైట్ వంద గజాల లోపు రాకూడదన్న తాత్కాలిక ఉత్తర్వు ఆ రోజుతో ముగుస్తుంది. జడ్జిగారు పొడిగిస్తే ఆమె తన ఇంట్లో నిద్రపోగలదు. పొడిగించకపోతే డ్వైట్ ఇంటికొస్తాడు. కిందటిసారి వచ్చినందుకు గుర్తుగా ఆమె ఎడమ చెయ్యి ఇంకా పిండికట్టులో ఉంది.

కోర్టులో తోడుండమని ఆడవాళ్ల సంఘం రొవీనాను పంపింది. ఇద్దరూ పొద్దున్నే వచ్చారు. గది గుమ్మానికి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. పైన ఇత్తడి పలక మెరుస్తోంది: ‘డ్వైట్ ఓస్ట్‌బీ హార్డ్‌వేర్ వారి సౌజన్యంతో.’ తలుపు, తాళం, కుర్చీలు, గోడల రంగు, అన్నీ అతని దాతృత్వమే. ఆ ఊళ్లో దాత చేతుల మీదుగా తప్ప ఏదీ ప్రారంభం కాదు, కుక్కల ఆసుపత్రితో సహా.

ఇక్కడే చిక్కొచ్చింది. దాత గుమ్మంలో ఉంటే లబ్ధిదారు వంద గజాల లోపు ఉండకూడదు. ప్రారంభోత్సవ కమిటీ ఉత్తర్వును శ్రద్ధగా చదివింది. ముఖ్యం దూరమే కదా, ఎవరు జరిగితేనేం అని తీర్మానించింది. అమలు బాధ్యత కోర్టు కాపలా పోలీసు, డిప్యూటీ కర్టిస్‌కు అప్పగించింది. శీతాకాలమంతా గడ్డకట్టిన చెరువు మీద డ్వైట్ వేసిన గుడిసెలో అతని పక్కనే కూర్చుని, మంచుకు కన్నం పెట్టి చేపలు పట్టేది ఈ కర్టిసే.

“ఏమనుకోకు మార్లిస్. ఆయన లేకపోతే రిబ్బనెవరు కోస్తారు చెప్పు? కాసేపలా బయట నిలబడు. నీ మంచికే,” అన్నాడు కర్టిస్.

“లోపల నా పేరు పిలిస్తే?”

“నేను లేనూ?”

“నువ్వున్నావనే దాని భయం,” అంది రొవీనా.

కర్టిస్ నవ్వి, టేపు పెట్టి దూరం కొలిచాడు. టేపు కూడా డ్వైట్ కొట్టుదే. వంద గజాలంటే కార్లు నిలిపే చోటుకి ఆ చివర, తోసి పోసిన మంచుగుట్ట పక్కన. పిలుపు వింటూ ఉండమని రొవీనాను లోపలికి పంపి, మార్లిస్ అక్కడ నిలబడింది.

“ఇక ఈ కౌంటీలో ఏ ఆడకూతురూ వణకదు,” అని కమిటీ అధ్యక్షుడు మిల్‌ఫర్డ్ ఉపన్యసించాడు. బయట మార్లిస్ వణుకుతూనే ఉంది, కాని అది చలికి. డ్వైట్ పెద్ద కత్తెరతో రిబ్బను కోశాడు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లలోనే గుమాస్తా మార్లిస్ పేరు మూడుసార్లు పిలిచాడు. రొవీనా కేకేసింది, సభామర్యాద తెలియని మనిషని పక్కవాళ్లు నోరు మూయించారు. ఆమె గుంపును తోసుకుని కోర్టు హాల్లోకి వెళ్లేసరికి మార్లిస్ గైర్హాజరైంది, ఉత్తర్వు పోయింది.

సభ కాఫీ కప్పులతో మెట్ల మీదికొచ్చింది. డ్వైట్ మాత్రం కిందికి దిగి, తిన్నగా మంచుగుట్ట వైపు నడిచాడు.

“ఆపవేం?” అని రొవీనా కర్టిస్ చొక్కా పట్టుకుంది.

“ఏ ఉత్తర్వు చూసి ఆపమంటావ్? ఇందాకేగా కొట్టేశారు.”

డ్వైట్ తన బండి తలుపు తీసి పట్టుకున్నాడు. “ఎక్కు. చలిలో నిలబెట్టారు నిన్ను, బుద్ధిలేని వెధవలు.”

మార్లిస్ మెట్ల వైపు చూసింది. రొవీనా ఒక్కతే పరుగెత్తుకొస్తోంది. మిగతావాళ్లెవరూ కదల్లేదు. కాఫీ వేడిగా ఉంది.

“ఎన్ని గొడవలున్నా పెళ్లానికి బండి తలుపు తీసే మగాళ్లు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారు?” అన్నారు గుంపులోంచి ఎవరో.

అన్నదెవరో తేలలేదు. ఆ రోజు మీరక్కడ లేరు కనుక, మీరు మాత్రం అయి ఉండరు.