భోజనాల వేళ దిగిపోయే కారు

కోనసీమ మొత్తానికి బుర్ర ఒక్కటే ఉందనీ, అది తన భుజాల మీదే ఉందనీ మా కామేశ్వరరావు పుష్యమాసంలో ఒక ఆదివారం ఉదయం నాకు ప్రకటించాడు. అప్పుడు నేను పళ్లు తోముకుంటున్నాను.

“ఒరేయ్ శరభయ్యా, చొక్కా తొడుక్కో. మృత్యువు కోరలు చాచింది. సుబ్బరాజుగారి ప్రాణం వెంట్రుకకి వేలాడుతోంది.”

“ఏమైందిరా?”

“ఆయన కారు కిందికి దిగిపోతోంది.”

“కారు కింద ఉండక అటక మీద ఉంటుందా?”

“సామాన్యుల ఆలోచన అక్కడితో ఆగుతుంది,” అన్నాడు జాలిగా.

వీడి సంగతి కాస్త చెప్పాలి. కొత్తపేటలో అద్దెకిచ్చే అపరాధ పరిశోధన నవలలన్నీ నమిలి మింగి, డెబ్బై ఎనిమిదిలో తనంతట తానే డిటెక్టివ్ అయిపోయాడు. తండ్రి పంచాంగం చూసుకునే భూతద్దం ఎత్తుకొచ్చి జేబులో పెట్టుకున్నాడు. అప్పటికి పట్టిన కేసులు రెండు. మొదటి దాంట్లో తప్పిపోయిన దూడ దానంతట అదే ఇంటికొచ్చింది. రెండో దాంట్లో దూడ ఇంకా రాలేదు. నేను పలివెల బళ్లో లెక్కల మేష్టర్ని. వీడి వెంట తిరగడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

దారిలో విషయం చెప్పాడు. కొబ్బరితోటల ఆసామి సుబ్బరాజుగారి పాత కారుకి వెనక కుదుపులు ఆపే కమాను పట్టీ విరిగింది. డ్రైవరు ముత్యాలు ఇంట్లోనే బాగుచేస్తున్నాడు. పొద్దున్నే జాకీ పెట్టి బండి వెనక భాగం ఎత్తుతాడు. అందరూ భోంచేసి, ఓ కునుకు తీసి లేచేసరికి బండి నేల మీదుంటుంది. మూడు రోజులుగా ఇదే వరస. భోజనం కాగానే బండి కిందికి తొంగి చూడటం రాజుగారికి అలవాటు. కాబట్టి ఎవరో ఆయన తల పచ్చడి చెయ్యాలని చూస్తున్నారట.

“ఎవరో కాదు, ముత్యాలే,” అన్నాడు.

“వాడికేం పనిరా?”

“అదే తేల్చాలి. నేరస్థుడు దొరికాడు. కారణం ఒక్కటే దొరకాలి.”

మేం వెళ్లేసరికి ముత్యాలు పాకలో, గచ్చు మీద, జాకీ కాడ పట్టుకుని పంపు కొడుతున్నాడు. ఆ జాకీని చూస్తే నాకు ఒళ్లు మండింది. రాజుగారి వెంట వెళ్లి రాజమండ్రిలో పాత సామాన్ల కొట్లో దాన్ని ఎంచింది మా వాడే. పక్కనే చిన్నదీ, కొత్తదీ, ఎంత బరువు మోస్తుందో ఒంటి మీద అచ్చుపోసి ఉన్నదీ ఉంటే, అది బక్కగా ఉందని తీసిపారేశాడట. నాలుగు చక్రాలతో, ఎర్రరంగుతో, పడుకున్న పందిలా ఉన్న ఈ పాతదాన్ని చూపించి, ఇది గంభీరంగా ఉంది, ఇదే తీసుకోండి అన్నాడట. జాకీని గాంభీర్యం చూసి కొన్నవాళ్లు జిల్లాలో వీళ్లిద్దరే అయ్యుంటారు.

ముత్యాలు నన్ను పక్కకి పిలిచాడు. దుబాయ్‌లో డ్రైవరు పనికి రాజోలు ఏజెంటు ముత్యాల్ని ఎంచాడు. ఆరేళ్లు నమ్మకంగా చేశాడని యజమాని రాసిన కాగితం రేపు సోమవారం ఇవ్వాలి. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

“రాత్తానన్నారండి. ఇప్పుడేమో దొంగెవరో తేలేదాకా రాయనంటున్నారండి. నా మీదే అనుమానం అండి, మేష్టారూ.”

“నువ్వేమనుకుంటున్నావు?”

“జాకీలోనే ఉందండి తేడా. పొద్దున్న బిగుసుకుపోయి మొరాయిత్తదండి. ఎండెక్కేక జారిపోతదండి. మూడ్రోజుల్నుంచి చెప్తున్నాను, వినేవాళ్లేరండి?”

వినేవాళ్లు అప్పుడు భూతద్దంతో సిమెంటు గచ్చు మీద అడుగుజాడలు వెతుకుతున్నారు. ఒక్కటీ దొరకలేదు. నేరస్థుడు గాలిలో నడిచే రకమని కామేశ్వరరావు తేల్చాడు. రాజుగారు గుండె మీద చెయ్యి వేసుకుని మా వాడి వైపు తిరిగారు.

“మరేం చేద్దాం పంతులుగారూ?”

“వల పన్నుదాం. ఈ దిమ్మలేమిటి?”

జాకీని నమ్మలేక ముత్యాలు ఆ రోజు తన ఇంటి దగ్గర్నుంచి రెండు తాటి దిమ్మలు మోసుకొచ్చాడు. ఎత్తిన బండి కింద వాటిని ఇరికించి, అప్పుడు దూరదామని వాడి ఉద్దేశం. ఆ పాకలో తెలివనేది ఎక్కడైనా ఉంటే ఆ దిమ్మల్లోనే ఉంది.

“తీసెయ్,” అన్నాడు మా వాడు. “దిమ్మలుంటే బండి దిగదు. బండి దిగకపోతే నేరం జరగదు. నేరం జరక్కపోతే నేరస్థుణ్ణి ఎలా పట్టుకుంటాం?”

రాజుగారు తల ఊపారు. అంత పెద్ద మనిషి అలా తల ఊపుతుంటే నాకు నిజంగా అసహ్యం వేసింది. దిమ్మలు సాక్ష్యం కింద జప్తయి వరండాలోకి వెళ్లిపోయాయి. ముత్యాలు ఇక బండి కిందికి దూరలేదు. వాడి పని ఆగిపోయింది.

పన్నెండు దాటింది. పథకం ప్రకారం రాజుగారు భోంచేసి పడుకున్నారు. నేను అరుగు మీద కూర్చున్నాను. ముత్యాలు నా ఎదురుగా మెట్టు మీద కూర్చుని క్యారేజీ విప్పుకున్నాడు. కామేశ్వరరావు ఒక గోనెపట్టా కప్పుకుని, ఎత్తిన చక్రం పక్కనే మాటు వేశాడు. పడమటి ఎండ మెల్లగా పాకలోకి వచ్చి జాకీ మీద పడింది. కాసేపటికి గోనెపట్టా గురకపెట్టింది.

ముత్యాలు మజ్జిగన్నం కలుపుకుంటుండగా పాకలోంచి కేక వినిపించింది.

“దొరికాడు శరభయ్యా, రా. నన్ను గట్టిగా పట్టుకున్నాడు.”

పరిగెత్తాం. రాజుగారు లేచి వచ్చారు. వంటింట్లోంచి ఆయన భార్య సూర్యావతిగారు వచ్చారు. బండి నింపాదిగా నేల మీద కూర్చుని ఉంది. వెనక చక్రం కింద కామేశ్వరరావు పంచె అంచు ఇరుక్కుంది. వాడు వెనక్కి తిరిగి చూడకుండా, కనబడని శత్రువుతో పెనుగులాడుతున్నాడు. ఆసరా కోసం జాకీని వాటేసుకుని లాగాడు. నూనె పోసే కంతకి బిరడా పోతే రాజుగారు కొబ్బరిపీచు కుక్కారు. ఆ పీచు ఊడి, లోపలున్నదంతా వాడి మొహం మీదుగా కారింది.

“రక్తం,” అన్నాడు కళ్లు మూసుకుని. “జిగటగా, వెచ్చగా ఉంది. మా అమ్మకి చెప్పండి.”

సూర్యావతిగారు వంగి వాసన చూశారు.

“రక్తం కాదండి, కొబ్బరినూనె. మన గానుగదే. సగం డబ్బా ఏమైపోయిందా అని వారం రోజుల్నుంచి చూత్తన్నాను.”

అందరం రాజుగారి వైపు చూశాం. ఆయన తువ్వాలు సర్దుకున్నారు.

“నేనే పోసేనండి. బరువు మోసేది లోపలి నూనె, అది తగ్గింది, వాషరు మార్చి జాకీ నూనె పోయించుకోండి అన్నాడండి కొట్టువాడు. పంతులుగారేమో, నూనెకీ నూనెకీ తేడా ఏవిటి, ఇంటినిండా కొబ్బరినూనె పెట్టుకుని కొనడవెందుకన్నారు.”

“ఆయ్, అదీ సంగతండి,” అన్నాడు ముత్యాలు. “ఈ చలికి రాత్రి పేరుకుపోద్దండి. పొద్దున్న ముద్దగా ఉన్నంతసేపూ బండిని ఆపుద్ది. ఎండ తగిలేక నీళ్లయిపోయి, అరిగిపోయిన వాషరు పక్కనుంచి జారిపోద్దండి.”

బండి దిగినప్పుడు ముత్యాలు నా ఎదురుగానే అన్నం తింటున్నాడని నేను గట్టిగా చెప్పాను. ఆ మాట చెప్పడానికి నాకు భూతద్దం అక్కర్లేకపోయింది.

“నేను మొదట్నుంచీ అనుమానిస్తున్నది దీన్నే,” అన్నాడు కామేశ్వరరావు, చెవిలోంచి నూనె తుడుచుకుంటూ. “అందుకే ప్రాణాలకు తెగించి జాకీ బిరడా పీకాను.”

పంచె మాత్రం ఇంకా చక్రం కిందే ఉంది. ఎవరూ తొందరపడలేదు.

రాజుగారికి సిగ్గేసింది. సిగ్గేసిన ఆసాములు చేసే పనే ఆయనా చేశారు, పని పురమాయించారు.

“సరేలేరా ముత్యాలూ. బయట అనకు. జాకీ నూనె తెప్పిత్తాను, సాయంత్రానికి కమాను బిగించెయ్. ఆ కాగితం తరవాత చూద్దాం.”

ముత్యాలు చెయ్యి కడుక్కుని వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“ముందు కాగితం రాసెయ్యండి. నేను కిందకి దూరేక తమరికి ఇంకో అనుమానం వచ్చి దిమ్మలు తీయించేత్తే, మాట్టాడ్డానికి నాకు వీలుండదండి.”

ఆరేళ్లలో వాడు రాజుగారికి ఎదురు చెప్పడం అదే మొదలు. సూర్యావతిగారు మారుమాట లేకుండా లోపలికెళ్లి కలమూ కాగితమూ తెచ్చి భర్త చేతిలో పెట్టారు. ఆయన రాయడం మొదలుపెట్టారు. కామేశ్వరరావు నేల మీంచే మెడ సాచాడు.

“నా పేరు కూడా రాయండి రాజుగారూ. హత్యాప్రయత్నం కేసులో ఇతడు నిర్దోషి అని ప్రముఖ డిటెక్టివ్ కామేశ్వరరావు స్వయంగా నిరూపించాడని రాయండి. వాడికి దుబాయ్‌లో గౌరవంగా ఉంటుంది.”

రాజుగారి కలం ఆగింది. ఆయన ఆలోచనలో పడ్డారు. నాకు భయం వేసింది, ఎందుకంటే ఆయన ఆలోచిస్తే రాసేస్తారు.

ముత్యాలు వంగి, పంచె అంచు పట్టిచూశాడు.

“పంతులుగారండి, కాగితం మీద సంతకం పడ్డాక జాకీలో మంచి నూనె పోసి బండి లేపుతానండి. మీ పేరు పడితే మాత్రం లేపనండి.”

కామేశ్వరరావు కాసేపు చక్రం వైపు చూశాడు, కాసేపు తన పంచె వైపు చూసుకున్నాడు.

“సంతకం పెట్టండి రాజుగారూ,” అన్నాడు.