రోడ్డు మాత్రమే చూసిన గోరువంక

ఒక పెద్ద అడవిలో బండ్లు పెరిగాయి గానీ, తోలేవాళ్ళకి బుద్ధి పెరగలేదు. రోజూ ఏదో ఒక మలుపులో ఢీ. గుద్దినవాడు "నేను కాదు" అనేవాడు, దెబ్బతిన్నవాడు లబోదిబోమనేవాడు.

విసిగిపోయి, ఎవరికి వాళ్ళు బండి ముందు ఒక గోరువంకను కూర్చోబెట్టుకున్నారు. అది చూసింది చూసినట్టు, విన్నమాట అదే గొంతుతో చెప్పేస్తుంది. మంచి ఏర్పాటే కదా? మంచిది కాబట్టే అడవి సభలో మెంబరు పందిగారికి నచ్చలేదు.

"బండిలో కూర్చుని మత్తుకి నాలుగు ఇప్పపూలు తిన్నా అడవంతా తెలిసిపోతోందయ్యా!" అని రోడ్ల ఇన్‌స్పెక్టరు నక్క దగ్గర వాపోయారు.

"కంగారు పడకండి సార్. చట్టం చేసేద్దాం" అంది నక్క.

చేసేశారు. గోరువంక తోలేవాడి కళ్ళకి అడ్డం కూర్చోకూడదు. రోడ్డువైపే చూడాలి. బండి లోపలి మాటలు సొంత విషయం, బయటపెట్టకూడదు. ప్రమాదం జరిగితే మాత్రం సాక్ష్యం మొత్తం సింహం ముందు చెప్పించాలి. మధ్యలో ఆపించినవాడి బండి జప్తు! ఆ చివరి ముక్క నక్క సొంత తెలివి. తప్పు చేసిన బండివాడు భయపడి తన పిట్ట నోరు తనే మూయిస్తాడని, అప్పుడు ఆ బండి తన చేతికొస్తుందని దాని లెక్క.

వారం తిరక్కుండానే పందిగారి బండి రాంగ్ సైడులో వచ్చి గాడిద పోలయ్య కట్టెల బండిని గుద్దేసింది. పోలయ్యకి ఆ బండే కూడూ గుడ్డా. "అయ్యో, నా పిల్లలేం తినాలి దేవుడా!" అని ఏడుస్తూ, ఊడి దొర్లిపోతున్న చక్రం వెంట పరిగెత్తాడు.

ఇంతలో నక్క దిగింది. రాగానే పోలయ్య గోరువంక రత్తాలుని గదిమింది.

"ఏయ్, సారు బండిలోకి చూస్తావేం? చట్టం తెలీదూ? రోడ్డు చూడు!"

రత్తాలు బుద్ధిగా రోడ్డువైపు తిరిగింది. ఆ రోడ్డు మీదే, దాని ముక్కు ముందే నిలబడి పందీ నక్కా గుసగుసలాడుకున్నాయి.

మర్నాడు సభలో నక్క గొంతు సవరించుకుంది. "మహారాజా, తప్పంతా పోలయ్యదే. అతని బండి మెంబరుగారికి ఇప్పించండి."

పోలయ్య తన గోరువంకను ముందుకు తెచ్చాడు.

"రత్తాలూ, నువ్వు చెప్పమ్మా" అంది సింహం.

రత్తాలు పంది గొంతుతో అందుకుంది. "ఇప్పపూలు కాస్త ఎక్కువయ్యాయయ్యా. ఎటు తోలానో నాకే తెలీదు." వెంటనే నక్క గొంతు. "మీరు నోరు మెదపకండి సార్. గాడిద మీదకి తోసేద్దాం. సింహానికేం తెలుసు, తిని పడుకోవడం తప్ప!"

"ఆపు! ఆపవే!" అని నక్క ఎగిరి గంతేసింది. "అది మా సొంత విషయం!"

"బండి లోపల మాట్లాడారా సార్?" అంది రత్తాలు అమాయకంగా. "రోడ్డు చూడమన్నది మీరేగా!"

సభంతా గొల్లున నవ్వింది. సింహం ఒక్కటే నవ్వలేదు. పాపం, దాని మనసు ఆ తిని పడుకోవడం దగ్గరే ఆగిపోయింది.

"మధ్యలో ఆపించినవాడి బండి జప్తు, కదూ?" అంది.

పందిగారి మెంబరు పదవి ఊడింది. పోలయ్య ఇన్‌స్పెక్టరుగారి బండిలో మెత్తటి సీటు మీద కట్టెలు పేర్చుకుని, కూనిరాగం తీస్తూ ఇంటికెళ్ళాడు.

కాబట్టి పెద్దమనుషులారా, వెధవ పని ఏదైనా చేయదలిస్తే బండి లోపలే కానివ్వండి, అక్కడైతే చట్టం మీకు కాపలా కాస్తుంది.