అరువిచ్చిన తప్పు

ఫిజిక్స్ మాస్టారు ఆ ఉదయం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదింటికి కమిటీ ముందు కూర్చుని తన ఈ-పోర్ట్‌ఫోలియో గురించి నాలుగు ముక్కలు చెప్పడం, పన్నెండింటికల్లా ఇంటికొచ్చి అత్తగారిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం. ఈ-పోర్ట్‌ఫోలియో అంటే మరేం కాదు, ఉద్యోగంలో చేరినప్పటి నుంచి తామేం నేర్చుకున్నారో కాలేజీ సిబ్బంది కంప్యూటర్లో రాసి, ఆధారాలు జతచేసి పెట్టే చిట్టా. అది బాగుంటే పెద్ద హోదా. మాస్టారికి ఆ హోదా ఇప్పటికే రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. ఈసారీ పోతే వయసు దాటిపోతుంది, ఇక అడిగే వీలే లేదు. శ్రీమతి మాత్రం వచ్చేసినట్టే అక్కచెల్లెళ్ళందరికీ చెప్పేసింది.

ఆ చిట్టాలో ‘నా తప్పు, నేను నేర్చుకున్న పాఠం’ అని ఒక పేజీ ఉంది. దాన్ని చూసి కాలేజీ అంతా జడుసుకుంది. మాస్టారొక్కరే ఉన్నదున్నట్టు రాశారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన గది తప్పి, సాహిత్యం చదివే పిల్లల తరగతిలోకి వెళ్ళి, వేడి ఒకచోటి నుంచి మరోచోటికి ఎలా ప్రయాణిస్తుందో నలభై నిమిషాలు దంచేశారు. ఒక్కరూ కిక్కురుమనలేదు. చివర్లో ఒకమ్మాయి లేచి, ఇది పరీక్షలో వస్తుందా అని అడిగితే, తప్పకుండా వస్తుందని హామీ కూడా ఇచ్చారు. ఎదుట ఎవరున్నారో చూసుకున్నాకే నోరు విప్పాలని ఆ రోజు తెలుసుకున్నారట.

రాసినదాన్ని ఒకసారి చూసిపెట్టమని పక్క బల్ల హిస్టరీ మాస్టారికి పంపారు. కొంప మునిగింది అక్కడే. ఆ కాలేజీలో ఏ ఫారం నింపాలన్నా, ముందు నింపినవాళ్ళది తెచ్చుకుని పేరు మార్చుకోవడం ఆనవాయితీ. మాస్టారు ఇంట్లో కూర్చుని కామాలు సరిచేసుకుంటున్న వారం రోజుల్లో ఆ పేజీ బల్లబల్లకీ తిరిగింది. చివరికి అందరికంటే ఆలస్యంగా పంపింది ఆయనే.

పదింటికి తలుపు తోసేసరికి లోపల ఎనిమిదిమంది సహోద్యోగులు తేలు కుట్టిన దొంగల్లా కూర్చుని ఉన్నారు. బల్ల అవతల ప్రిన్సిపాలు, ఆయన పక్కన బయటి నుంచి వచ్చిన కమిటీ అధ్యక్షురాలు. ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని కంప్యూటరు వైపు చూపించింది.

"తొమ్మిదిమందీ ఒకే తప్పు చేశారు మాస్టారూ. ఆఖరున పంపింది మీరు. ఎవరిది చూసి రాశారు?"

ఆ తప్పు నాదేనండీ అని మాస్టారు ఎలాగో గొణిగారు. అందరూ అదే అంటున్నారని ఆవిడ చెప్పింది. అసలు మనిషి ఎవరో తేలితే సరి, లేకపోతే ఈ ఏడు ఎవరికీ హోదా లేదంది. మాస్టారు హిస్టరీ మాస్టారి వైపు చూస్తే, ఆయన సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నారు.

ఇక మొదలైంది. సాహిత్యం మాస్టారు, సాహిత్యం తరగతిలోకి తాను పొరపాటున వెళ్ళానని చెప్పారు. కామర్స్ మేడమ్ ఆ అమ్మాయి ప్రశ్న దగ్గరికి రాగానే కంటతడి పెట్టుకుంది. అసలు తరగతులే లేని లైబ్రేరియన్ లేచి, నలభై నిమిషాలు పాఠం చెప్పానన్నాడు. ఏం చెప్పారో చెప్పమంటే, వేడి ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పోతుందండీ అన్నాడు తడుముకోకుండా. మాస్టారు కొయ్యబారిపోయారు. తన జీవితం తన కళ్ళముందే ఇంతమందికి జరుగుతోంది, పైగా అందరికీ తనకంటే బాగా జరుగుతోంది. తన వంతు వచ్చేసరికి వేడి ఎటు నుంచి ఎటు పోతుందో కూడా గుర్తురాలేదు.

అధ్యక్షురాలు కలం కింద పెట్టింది. "రాసింది వదిలేయండి. తరగతి తప్పని తెలిశాక ఏం చేశారు?"

ఆ సంగతి పేజీలో లేదు. ఎనిమిదిమందీ ఒకరి తర్వాత ఒకరు, వెంటనే వెళ్ళి క్షమాపణ చెప్పామన్నారు. మాస్టారు తల దించుకున్నారు. పాతికేళ్ళుగా ఇంట్లో కూడా చెప్పని మాట అది.

"మర్నాడు మళ్ళీ వెళ్ళానండీ."

"ఎందుకు?"

"మిగతా సగం చెప్పడానికి. నా క్లాసు పిల్లలు ఎప్పుడూ అంత శ్రద్ధగా వినలేదు."

ప్రిన్సిపాలు నోరు తెరిచి మూయడం మర్చిపోయాడు. అధ్యక్షురాలు మాత్రం కళ్ళద్దాలు తీసి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. ఇది అరువు తెచ్చుకున్నవాడు చెప్పే మాట కాదని, ఈ తప్పు ఈయన సొంతమేనని తేల్చేసింది. చిట్టాలో ‘సహోద్యోగుల మీద ప్రభావం’ అనే గడి మాస్టారు ఖాళీగా వదిలేస్తే, ఆవిడే అందులో ఎనిమిదిమంది అని రాసి, హోదా కాగితం మీద సంతకం పెట్టింది. మాస్టారు ఆ సంతకాన్ని నమ్మలేక రెండుసార్లు చదివారు.

మిగిలిన ఎనిమిదిమందికీ తమ తమ సొంత తప్పులు రాసి తెమ్మని మూడు రోజుల గడువు దొరికింది.

మూడోరోజు ఉదయం ఎనిమిదిమందీ కలిసి మాస్టారి బల్ల దగ్గరికి వచ్చి, ఎంత వెతికినా తమలో ఒక్క తప్పూ దొరకలేదని, ఆయన దగ్గర ఇంకోటి ఉంటే ఇమ్మని అడిగారు.