నాలుగు ఇటుకలు, పదహారు కెమెరాలు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. మా కోడలి నడుముకు జరిగిన మహోపకారం గురించి చెబుతాను.

కోడలు చొక్కాల కర్మాగారంలో మడతల బల్ల దగ్గర పనిచేస్తుంది. ఆ బల్ల బెత్తెడు పొట్టి. తనకంటే ముందు ముప్పై ఏళ్లు దాని మీద వంగినదాన్ని నేనే. ఇప్పుడు నేను వీధిలో నడుస్తుంటే, ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నాననుకుని దారిన పోయేవాళ్లు సాయానికి వస్తారు. కోడలికీ నొప్పి మొదలైంది. ఇంకో ఏడాది ఇలాగే వంగితే ఇక నిటారుగా నిలబడలేవని డాక్టరు చెప్పాడు. నాలుగేళ్ల కూతురిని ఎత్తుకోవడం అప్పటికే మానేసింది.

"సార్, బల్ల కాళ్ల కింద నాలుగు ఇటుకలు పెట్టించండి, చాలు," అని మేనేజరును అడిగింది.

"ఇటుకలేంటమ్మా, ఏ కాలంలో ఉన్నావు? నీ నడుము గురించి మేం ఆలోచించమా?" అన్నాడాయన.

ఆలోచించి పదహారు కెమెరాలు బిగించారు. కోడలి నడుముకు ఒక బెల్టు కట్టారు. వంగితే అది గుర్రుమంటుంది. చొక్కా ఉండేది బల్ల మీద, వంగనిదే అందదు. మొదటి రోజు మధ్యాహ్నానికే నాలుగు వందల సార్లు గుర్రుమంది. యంత్రం ఎంత చక్కగా పనిచేస్తోందోనని పెద్దలందరూ ముచ్చటపడ్డారు.

వారం తిరిగేసరికి నలభై పేజీల నివేదిక వచ్చింది, రంగుల్లో. అందులో కోడలి వెన్నెముక ఎర్రగా మండుతోంది. ప్రమాదం తొంభై రెండు శాతమట. చదివినట్టు సంతకం పెట్టమని దాన్ని అదే బల్ల మీద పరిచారు. వంగి పెట్టింది. బెల్టు గుర్రుమంది.

"మరి బల్ల సంగతేంటి బాబూ?" అని కెమెరాల నిపుణుడిని అడిగింది.

"బల్ల మా పరిధిలోకి రాదక్కా. మేం కొలిచేది మనుషుల్నే."

మర్నాడు కోడలికి భోజనం తీసుకెళ్లే సంచిలో నేనే ఇటుకలు తీసుకెళ్లాను, రెండు విడతలుగా.

"మామ్మా, ఇవాళ కూర కాస్త గట్టిపడినట్టుందే," అంటూ ఇస్త్రీ చేసే అతను బల్ల ఎత్తిపట్టాడు.

రెండు రోజులు బెల్టు కిక్కురుమనలేదు. నిపుణుడికి నిద్ర పట్టలేదు. యంత్రం చెడిపోయిందని దర్యాప్తు సంఘం వేశారు. మూడో రోజు సంఘంవారు బల్ల కిందికి తొంగిచూసి, అనుమతి లేని పరికరాలు నాలుగు అని రాసుకుని, ఇటుకలు తీసేశారు. కోడలు వంగింది. బెల్టు గుర్రుమంది. యంత్రం బాగైందని హాలంతా చప్పట్లు. అందరూ కొడుతుంటే, భోజనం ఇవ్వడానికి వెళ్లిన నా చేతులూ కలిశాయి, అబద్ధమెందుకు.

"మీ నడుమును మా సంస్థ క్షణక్షణం కనిపెట్టుకుని ఉంటుంది," అని మేనేజరు ప్రసంగించాడు. అది మాత్రం నిజం.

ఆ ఇటుకలు వృథా కాలేదు. తలవంచి తెర చూసీ చూసీ నిపుణుడికి మెడ పట్టేసిందట. వాటిని తన కంప్యూటరు కింద పెట్టుకున్నాడు. ఇప్పుడు హాయిగా ఉందని ఆయనే చెప్పాడు.

ఇంట్లో మనవరాలు, వాళ్లమ్మ రాగానే ఆమెకు వంగే పని లేకుండా స్టూలు ఈడ్చుకొచ్చి, దాని మీద నిలబడి మెడ చుట్టూ చేతులు వేస్తుంది. దానికింకా అంకెలు రావు.

ఇది గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి. విన్నవాళ్లు చప్పట్లు కొట్టబోతే మాత్రం, తమ కంప్యూటరు కింద ఎవరి ఇటుకలున్నాయో ముందు చూసుకోమనండి.