గౌరీశంకర శీతశకట విజయము

స్వస్తి. మిషిగన్ మహాసరోవరం మీది నుంచి వీచే నిశితశీతలపవనాలు మానవకర్ణద్వయాన్ని మందారవర్ణానికి తిప్పే ఇల్లినాయ్ మండలంలో, ఆంధ్ర తెలంగాణ కుటుంబశతాలతో, ఇడ్లీపిండి దొరికే అంగళ్ళతో అలరారే షామ్‌బర్గ్ పురవరంలో, గృహగృహాన హీటర్లు గుర్రుమనే మార్గశిర మాసాన, గౌరీశంకర్ అనే సాఫ్ట్‌వేర్ వీరుడు సోఫా మధ్యభాగాన్ని అలంకరించి, ఫోన్‌లో వాతావరణవార్త చూసి దీర్ఘంగా నిట్టూర్చాడు. శుక్రవారం హిమపాతమట. ఆ నిట్టూర్పు వెనక ఒక కథ ఉంది. చెబుతాను. మధ్యలో లేచి టీ పెట్టుకోవడానికి వెళ్ళేవాళ్ళు ఇప్పుడే వెళ్ళి రండి.

రెండు వేసవుల కిందట ఈ మహానుభావుడు, ఏళ్ళ తరబడి నోరు మెదపకుండా చాకిరీ చేసిన బూడిదరంగు సెడాన్‌ను నిర్దాక్షిణ్యంగా సాగనంపి, దాని స్థానంలో రక్తవర్ణరంజితమూ, పరాజితపవనవేగమూ, భూతలాన్ని ముద్దాడేంత నిమ్నోదరమూ అయిన ఒక స్పోర్ట్స్ కారును ఇంటికి తెచ్చాడు. దాని ఇంజన్ బలమంతా వెనక చక్రాలకే. టైర్లు వేసవికి మాత్రమే పనికొచ్చేవి. ఇంట్లో అదొక్కటే బండి. చలికాలానికి ఇంకోటి చూద్దాంలే అని భార్య హైమకు మాట ఇచ్చాడు. మాట ఇచ్చిన నాడు ఎండ కాస్తోంది కాబట్టి ఆమె నమ్మింది.

నిరుడు ఇదే మాసంలో, కూతురు ఇషా స్కూల్లో వయొలిన్ పోటీ. ఆ ఉదయం మహారథం గరాజ్ లోంచి సింహనాదం చేస్తూ బయల్దేరి, డ్రైవ్‌వే చివర చీలమండ లోతు మంచులో చతికిలబడింది. చక్రాలు గిర్రున తిరిగాయి, ఇంజన్ మోత వీధి వీధంతా మారుమోగింది, బండి మాత్రం జానెడు కూడా కదల్లేదు. ఊబరు దొరకలేదు, పక్కింటివాళ్ళు ఊళ్ళో లేరు. పోటీ వేళ దాటిపోయింది. ఇషా వయొలిన్ పెట్టె మీద గోరుతో గీస్తూ, "ఇట్స్ ఓకే నాన్నా" అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మూడు ముక్కలూ మన వీరుడి గుండెలో ఏడాదిగా గుచ్చుకునే ఉన్నాయి. ఈ సంవత్సరం అదే పోటీ ఈ శనివారం ఉదయం. శుక్రవారం మంచు.

అలాగని అతడు చేతులు ముడుచుకు కూర్చున్నాడని నిందించకండి. దీపావళి నాటినుంచి ద్వితీయవాహనాన్వేషణ అనే ఘోరతపస్సులోనే ఉన్నాడు. తలా ఒక వంటకం తెచ్చి కలిసి తినే ప్రతి పాట్‌లక్‌లోనూ, పప్పుచారు గిన్నె పక్కన మంత్రాలోచన జరిగేది. "ఎందుకన్నా ఇంకో బండి, వింటర్ టైర్లు వేయించు, సరిపోద్ది" అనేవాడు మిత్రుడు శశికాంత్. అంత కిందికి వంగిన కారుకు టైర్లు మారిస్తే మాత్రం మంచు పొట్టకు తగలదా అని వీరుడు దాన్ని తోసిపుచ్చాడు. "పికప్ ట్రక్ కొనెయ్, రోడ్డంతా మనదే" అనేవాడు ఇంకో మిత్రుడు నిశాంత్. ట్రక్ ఎక్కడానికి హైమకు స్టూలు కావాలి. ఒక ఎస్‌యూవీ రంగు నచ్చలేదు, ఇంకోదాని స్టీరింగ్ చేతికి సుఖంగా లేదు, మూడోది అచ్చం మేనేజర్ కారులా ఉంది. టెస్ట్ డ్రైవ్‌లతో ఊళ్ళో డీలర్లందరికీ చుట్టమైపోయాడు గానీ, ఒక్క బండీ ఇంటికి రాలేదు.

గురువారం సాయంత్రం ఆ పాట్‌లక్ బృందంలో పెద్దాయన రాధాకృష్ణ ఫోన్ చేశాడు. ఎలక్ట్రిక్ కారు కొనుక్కుని పాత మినీవ్యాన్ అమ్మేస్తున్నాడు. "తమ్మీ, నా బిడ్డలిద్దర్ని కాలేజీ దాంక మోసింది ఇది. నాలుగు చక్రాలూ గుంజుతయ్. మంచుల ఒక్కనాడు ఆగలే. ఇయ్యాల్నే తీస్కపో" అన్నాడు.

ఫోన్ పెట్టేసిన గౌరీశంకర్ వంటింటి గుమ్మంలో నిలబడి, గరిటె పట్టిన అర్ధాంగిని ఉద్దేశించి ఇట్లా పలికాడు:

"హైమా, విను. రెప్పపాటులో హైవేను జయించే రథాన్ని ఏలిన ఈ చేతులు జారుడుతలుపుల శకటాన్ని తాకడమా? తరతరాల బిస్కెట్ పొడి ఇరుక్కున్న సీటులో నేను ఆసీనుణ్ణి కావడమా? సిగ్నల్ దగ్గర పక్క కారులోని కుర్రాడు నా వంక చూసి, ఎవరో అంకుల్ అనుకుని తల తిప్పుకోవడమా? అప్పుడు నా కీర్తి ఏం కావాలి, నా యౌవనం ఏం కావాలి, నా టర్బో ఏం కావాలి?"

"వాళ్ళు ఆల్రెడీ అంకుల్ అనే అంటున్నారు. జరుగు, బీరకాయ మాడుతోంది" అంది హైమ.

అప్పుడు డైనింగ్ టేబుల్ దగ్గర హోంవర్క్ చేసుకుంటున్న ఇషా తల ఎత్తకుండానే అంది. "నాన్నా, యూ డోంట్ హావ్ టు డిసైడ్. సాటర్‌డేకి మా ఫ్రెండ్ వేద వాళ్ళ మామ్‌ని రైడ్ అడిగాను. ఆంటీ ఓకే అన్నారు."

ఎవరి మాటకూ చలించని మన వీరుడు ఈ మాటకు నిలువునా కూలాడు. కూతురు తన మీద కోపంగా ఉంటే బతిమాలుకోవచ్చు, కానీ ఆ పిల్ల అసలు తనను లెక్కలోకే తీసుకోవడం మానేసింది. అది తట్టుకోలేకపోయాడు. "ఆంటీకి వద్దని చెప్పమ్మా. నేనే డ్రాప్ చేస్తా" అన్నాడు. ఇషా కిటికీ బయటికి చూసి, "ఓకే. బట్ ఆంటీకి ఇంకా నో చెప్పను" అంది.

ఆ రాత్రే మినీవ్యాన్ గృహప్రవేశం చేసింది. గృహప్రవేశమంటే వాకిలి దాకానే. గరాజ్‌లో సగం ఎర్ర కారుది, దానికి పట్టులాంటి ముసుగు కూడా ఉంది. మిగతా సగం సూట్‌కేసులది, బియ్యం బస్తాలది, పాట్‌లక్ కుర్చీలది. కాబట్టి చలికాలం కోసం వచ్చిన బండి చలిలోనే నిలబడింది. హైమ బండి పూజకని దారిలో తెమ్మన్న కొబ్బరికాయ, నిమ్మకాయల సంచిని కూడా వీరుడు దాని డిక్కీలోనే మరిచాడు. మంచు చెప్పినట్టే కురిసింది.

శనివారం ఉదయం, నిరుటి భయంతో వీరుడు తొందరపెట్టగా, పోటీకి చాలా ముందే ఇషా వయొలిన్‌తో సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. హైమ హారతి పళ్ళెంతో అడ్డం నిలిచింది. "ఆ ఎర్ర కారుకి పూజ చేయిస్తానంటే టైర్లకి నిమ్మరసం తగలకూడదన్నావు. ఏమైందో చూశావుగా. గుడిలో అపాయింట్‌మెంట్ వచ్చేవారం గానీ లేదు. ఇక్కడే చేసేస్తా, రెండు నిమిషాలు" అంది.

బొట్లు పెట్టింది. కొబ్బరికాయ కొడితే నీళ్ళు రాలేదు, తెల్లటి మంచుముద్ద ఒకటి దొర్లి బయటపడింది. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టింది. గౌరీశంకర్ ఇష్టదైవాన్ని తలచుకుని, గేరు వేసి, భూనభోంతరాళాలు దద్దరిల్లేలా హారను కొట్టి బండిని వెనక్కు కదిలించాడు.

అక్కడ యుద్ధం మొదలైంది. రెండు రాత్రులు డిక్కీలో గడ్డకట్టి వజ్రకఠోరదేహాలు పొందిన ఆ జంబీరఫలవీరులు చక్రాల కింద నలగడానికి నిరాకరించి, చటుక్కున జారి, డ్రైవ్‌వే వాలు వెంట దొర్లుకుంటూ నలుదిక్కులా పారిపోయారు. "నలగలేదు. ఆపు" అంది హైమ. శత్రువులను వెంటాడుతూ గౌరీశంకర్ ఇంటి చెప్పులతో మంచులోకి ఉరికాడు. ఒకణ్ణి మెయిల్‌బాక్స్ దగ్గర పట్టాడు. ఇంకొకణ్ణి పట్టబోయి వెల్లకిలా పడ్డాడు. పడినవాడు పడినట్టే చెయ్యి చాపి దాన్ని చేజిక్కించుకున్నాడు, ఆ మాట మాత్రం చెప్పితీరాలి. మిగతా ఇద్దరూ చెత్తడబ్బా వెనక దొరికారు.

మళ్ళీ పెట్టారు. మళ్ళీ పారిపోయారు. ఇషా ఫోన్ తీసింది. "నాన్నా, ఆంటీకి టెక్స్ట్ చెయ్యనా?" వీరుడి పిరుదుల మీద మంచు, చేతుల్లో నిమ్మకాయలు, కళ్ళలో నీళ్ళు. చలికి వచ్చాయని అతడు ఇప్పటికీ అంటాడు.

తండ్రిని అలా చూసిన ఇషా ఫోన్ పక్కన పెట్టి, "అమ్మా, మైక్రోవేవ్" అంది.

హైమ ఉలిక్కిపడింది. "అందులో నిన్న చేపలపులుసు వేడిచేశాం." ఒక్క క్షణం ఆలోచించి, "తుడిచి పెడతా, ఉండండి" అని లోపలికి పరిగెత్తింది. తుడిచింది. మళ్ళీ తుడిచింది. వీరుడు గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి ఆ తుడుపును భరించాడు. కాసేపటికి నాలుగు నిమ్మకాయలూ పొగలు కక్కుతూ పళ్ళెంలో వచ్చి, మంచును కరిగించుకుంటూ చక్రాల కింద కుదురుగా కూర్చున్నాయి.

బండి కదిలింది. పచక్ అని ఒకటి. పచక్ పచక్ అని రెండు. నాలుగోది కొంచెం మొండికేసి, పచక్. హైమ తృప్తిగా తల ఊపింది. నిరుడు మహారథం చతికిలబడిన చోటే మినీవ్యాన్ నాలుగు చక్రాలతో మంచును తొక్కుకుంటూ, చప్పుడు చేయకుండా, పని తెలిసిన మనిషిలా వీధిలోకి వెళ్ళిపోయింది. గౌరీశంకర్ అద్దంలో గరాజ్ వంక చూద్దామనుకుని మరిచిపోయాడు.

స్కూలు తలుపులు ఇంకా తెరవలేదు. పార్కింగ్ లాట్‌లో ఒక్క కారు లేదు, మంచు మీద ఒక్క చక్రపు గుర్తు లేదు. తలుపుకు అతి దగ్గరి గడిలో మినీవ్యాన్ నిలిచింది. "నాన్నా, వీ ఆర్ సో అర్లీ" అని నవ్వి, ఇషా వెనక సీట్ల మధ్య నిలబడి వయొలిన్ తీసింది. విల్లు అటూ ఇటూ పూర్తిగా చాచే చోటుంది అక్కడ. హీటరు వెచ్చదనంలో, నిమ్మకాయ వాసనలో ఆ పిల్ల వాయిస్తుంటే తండ్రి స్టీరింగ్ మీద గడ్డం ఆనించి విన్నాడు. వాయించడం ఆపి ఫోన్ తీసుకుని, "ఆంటీకి నో చెప్పేశా" అంది ఇషా.

ఇదీ గౌరీశంకర శీతశకట విజయము. దీన్ని శ్రద్ధగా చదివినవారి బండి తొలి ప్రయత్నంలోనే స్టార్ట్ అవుగాక, వారి నిమ్మకాయలు ఇంట్లోనే ఉండుగాక. లోకులారా, తెలుసుకోండి: షామ్‌బర్గ్ పురంలో, ఆ హిమదినాన, ఆ స్కూలు పార్కింగ్ లాట్‌లో మొదటి గడి మనవాడిదే.